సున్నా వేరు, ఖాళీ వేరు: ప్రోగ్రాముల్లో అబ్‌స్ట్రాక్ట్ క్లాసు

డెలానీపూర్‌లో టీల్ హౌస్‌కు ఎదురుగా భారత నౌకాదళం నడిపే సముద్రిక మ్యూజియం ఉంది. అండమాన్ రాజధాని శ్రీ విజయపురానికి (2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) వచ్చే యాత్రికుల్లో చాలామంది సెల్యులార్ జైలుతో పాటు దీన్నీ చూసి వెళ్తారు. గవ్వలు, శంఖాలు, పగడాలు పేర్చిన అరల ముందు కాసేపు నిలబడితే ఒక చిన్న సంగతి తట్టుతుంది. ఈ జలాల్లో దొరికే ట్రోకస్, టర్బో, నాటిలస్ అన్నీ మొలస్కా వర్గానికి చెందిన ప్రాణులే. అయితే 'వట్టి మొలస్కా' అనే ప్రాణి ఏ అరలోనూ ఉండదు, ఏ సముద్రంలోనూ దొరకదు. దొరికే ప్రతిదీ ఏదో ఒక నిర్దిష్టమైన జాతి అయి తీరాలి.

ఈ మాట చేపల బజారులో ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఓ అమ్మ దగ్గరికి వెళ్లి "చేప ఇవ్వమ్మా" అనండి. "ఏ చేప బాబూ? కోనామా, చందువా, కానాగంతలా?" అని అడుగుతుంది. చేప అన్న మాటకు అర్థం ఉంది, లక్షణాలు ఉన్నాయి, కిలోల్లో తూచే పద్ధతీ ఉంది. వట్టి 'చేప' మాత్రం తట్టలో లేదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు సరిగ్గా ఇలాంటి దానికే అబ్‌స్ట్రాక్ట్ క్లాసు అని పేరు పెట్టారు. తెలుగు పాఠాల్లో దీన్ని 'అమూర్త తరగతి' అంటారు. పేరు వింటే ఏదో తత్వశాస్త్రం అనిపిస్తుంది గానీ, విషయం బజారులో అమ్మ అడిగిన ప్రశ్నంత సూటిగా ఉంటుంది. చాలా పుస్తకాలు దీన్ని 'కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది' అన్న ఉదాహరణతో చెప్పి వదిలేస్తాయి. ఆ ఉదాహరణలో తప్పేమీ లేదు. కానీ పిల్లి మ్యావ్ అనకపోతే ఎవరికీ నష్టం లేదు కనుక, ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో దానివల్ల తెలియదు. అందుకే నష్టం ఉన్న చోటు నుంచే మొదలుపెడదాం.

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా పశ్చిమ తీరం దగ్గర భూకంపం మొదలైంది. సముద్రగర్భంలోని చీలిక ఉత్తరంగా అండమాన్ దాకా 1,200 కిలోమీటర్లకు పైగా సాగింది. ఆ వెనుకే వచ్చిన సునామీని ముందుగా పసిగట్టి చెప్పే వ్యవస్థ హిందూ మహాసముద్ర దేశాలకు అప్పటికి లేదు. ఆ తర్వాత మన దేశం ఏర్పాటు చేసుకున్నదే హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఆవరణలో 2007 అక్టోబరు నుంచి పనిచేస్తున్న సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం. భూకంప కేంద్రాల సమాచారం, తీరంలోని సముద్రమట్ట కొలమానాల సమాచారం, నడిసముద్రంలోని పీడన కొలమానాల సమాచారం అక్కడికి చేరుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. కింద నేను చెప్పబోయే ప్రోగ్రాము నేను వివరణ కోసం అల్లుకున్నది. ఇన్‌కాయిస్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇలాగే ఉంటుందని కాదు. పరికరాల వెనకున్న భౌతికశాస్త్రం మాత్రం నిజమైనదే.

సముద్రమట్టం కొలిచే పరికరాలన్నీ ఒక్కలా పనిచేయవు. పాత పద్ధతిలో నీటిలోకి నిలువుగా దించిన గొట్టంలో తేలే బెండు ఉంటుంది. అలలు గొట్టంలోకి నేరుగా రావు కనుక, నీళ్లు నెమ్మదిగా లేస్తే బెండు లేస్తుంది. దానికి కట్టిన తీగ కప్పీని తిప్పుతుంది. కప్పీ ఎంత తిరిగిందో అదే కొలత.

రాడార్ పరికరానికి నీటిని తాకే పనే లేదు. జెట్టీ మీది నుంచి కిందికి రేడియో తరంగాలను పంపి, అవి నీటి ఉపరితలం నుంచి తిరిగి వచ్చేందుకు పట్టిన సమయంతో దూరం లెక్కగడుతుంది. రేడియో తరంగాల వేగం కాంతి వేగమే. నీటిమట్టంలో ఒక సెంటీమీటరు తేడా వస్తే రానుపోను సమయంలో వచ్చే తేడా సుమారు 67 పికోసెకన్లు. సెకనులో లక్ష కోట్లవ వంతును పికోసెకను అంటారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. నీళ్లు పైకి లేచే కొద్దీ రాడార్ కొలిచే దూరం తగ్గుతుంది. అంటే మట్టం తెలియాలంటే పరికరం ఉన్న ఎత్తులోంచి ఆ దూరాన్ని తీసివేయాలి. ఈ తీసివేత సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మూడోది సముద్రం అడుగున కూర్చునే పీడన కొలమానం. పైనున్న నీటి బరువును తూచి ఎత్తు చెబుతుంది. పీడనాన్ని నీటి సాంద్రతతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే నీటి స్తంభం ఎత్తు వస్తుంది. మూడు కిలోమీటర్ల లోతున పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 300 రెట్లు. ఒక సెంటీమీటరు నీరు అదనంగా చేరితే పెరిగే పీడనం సుమారు 100 పాస్కల్‌లు మాత్రమే. నడిసముద్రంలో సునామీ చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లిన జేసన్-1 ఉపగ్రహం కొలిచిన అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. అమెరికా రూపొందించిన డార్ట్ తరహా పరికరాలు అంచనాకూ కొలతకూ తేడా 3 సెంటీమీటర్లు దాటినా అప్రమత్తమవుతాయి. మూడు కిలోమీటర్లలో మూడు సెంటీమీటర్లు అంటే లక్షలో ఒక వంతు.

ఇప్పుడు ప్రోగ్రాము సంగతి. క్లాసు అంటే ఒక నమూనా. దాన్నిబట్టి తయారయ్యే ఒక్కో నకలు ఆబ్జెక్టు. క్లాసులో సమాచారం ఉంటుంది, చేయాల్సిన పనులు ఉంటాయి. ఆ పనులను మెథడ్‌లు అంటారు. ఒక క్లాసు మరో క్లాసుకు వారసురాలు కావచ్చు. తల్లి క్లాసులో ఉన్నవన్నీ పిల్ల క్లాసుకు సంక్రమిస్తాయి.

మన మూడు పరికరాలకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? పేరు, అక్షాంశం, రేఖాంశం, మట్టాన్ని ఏ స్థిర బిందువు నుంచి లెక్కించాలో చెప్పే ఆధార మట్టం. చేయాల్సిన ఉమ్మడి పని కూడా ఉంది. సముద్రం రోజూ ఆటుపోట్లతో లేస్తూ పడుతూనే ఉంటుంది. పున్నమి, అమావాస్యల పోటుకు శ్రీ విజయపురంలో ఈ తేడా సుమారు రెండు మీటర్లు. చంద్రుడు, సూర్యుడి గమనాన్ని బట్టి ఆటుపోట్లను ముందే లెక్కగట్టవచ్చు. కొలిచిన మట్టంలోంచి ఆ లెక్కను తీసేస్తే మిగిలేదే అసలు కబురు. దానిలో అనుమానించదగ్గ కదలిక ఉందా అని చూడాలి. ఈ పని బెండుకైనా రాడార్‌కైనా ఒక్కటే, మూడుసార్లు రాయనక్కర్లేదు. మట్టం చదివే పద్ధతి మాత్రం మూడింటికీ వేరు. ఏ ప్రోగ్రామింగ్ భాషకూ చెందని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

అబ్‌స్ట్రాక్ట్ క్లాసు సముద్రమట్ట_కేంద్రం
— పేరు, అక్షాంశం, రేఖాంశం, ఆధార_మట్టం
— అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ మట్టం_చదువు( )
— మెథడ్ తేడా( ) : మట్టం_చదువు( ) లోంచి లెక్కగట్టిన ఆటుపోటు తీసివేత
— మెథడ్ అనుమానమా( ) : తేడా( ) పరిమితి దాటిందా?

రెండో వరుస చూడండి. దాని పక్కన ఏమీ లేదు. 'మట్టం చదవాలి' అని ఉంది గానీ ఎలా చదవాలో లేదు. ఇలా పేరు మాత్రమే ఉండి ఒళ్లు లేని మెథడ్‌ను అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ అంటారు. సాధారణంగా అలాంటి మెథడ్ ఒక్కటి ఉన్నా ఆ క్లాసు అబ్‌స్ట్రాక్ట్ అవుతుంది, దాన్నుంచి నేరుగా ఆబ్జెక్టు తయారు చేయడం కుదరదు. బెండు కేంద్రం, రాడార్ కేంద్రం, పీడన కేంద్రం అనే పిల్ల క్లాసులు ఆ ఖాళీని తమ తమ భౌతికశాస్త్రంతో నింపితేనే వాటికి ఆబ్జెక్టులు పుడతాయి. నింపని పిల్ల కూడా తల్లిలాగే అబ్‌స్ట్రాక్ట్‌గా మిగిలిపోతుంది.

మూడో వరుసలో ఇంకో చమత్కారం ఉంది. తేడా లెక్కించే మెథడ్, ఇంకా ఎవరూ రాయని మట్టం_చదువును పిలుస్తోంది. తల్లి రాసేనాటికి పిల్లలు పుట్టనేలేదు. పదేళ్ల తర్వాత ఎవరో కొత్త పరికరం కనిపెట్టి దాని క్లాసు రాస్తే, ఈ పాత వరుస ఒక్క అక్షరం మారకుండా దాన్నీ నడిపిస్తుంది. మామూలుగా కొత్త ప్రోగ్రాము పాతదాన్ని పిలుచుకుంటుంది. ఇక్కడ పాతది కొత్తదాన్ని పిలుస్తోంది. నేను ఎమ్మెస్సీలో సిమ్యులేషన్లు రాసిన రోజుల్లో నాకు ఈ సంగతి బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. 'ఖాళీగా వదలడం ఎందుకు, ఏదో ఒకటి రాసేస్తే పోలా?' అనుకునేవాణ్ని.

రాసేస్తే ఏమవుతుందో చూద్దాం. అబ్‌స్ట్రాక్ట్ అన్న మాట తీసేసి, తల్లి క్లాసులోనే మట్టం_చదువు అంటే 'సున్నా' అని రాశామనుకోండి. ఇప్పుడు ఎవరో కొత్త పరికరాన్ని చేర్చారు, మట్టం చదివే పద్ధతి రాయడం మరిచిపోయారు. ప్రోగ్రాము ఏమీ అనదు. తల్లి నుంచి సంక్రమించిన సున్నాను వాడుకుంటుంది. పోటు మీద ఉన్నప్పుడు లెక్కగట్టిన మట్టానికి, ఈ సున్నాకు మధ్య పెద్ద తేడా కనిపించి అబద్ధపు అనుమానం లేస్తుంది. నీరు సున్నా గీత దగ్గరికి వచ్చినప్పుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇంకాస్త తెలివైనవాళ్లు సున్నాకు బదులు 'లెక్కగట్టిన ఆటుపోటునే కొలతగా చూపు' అని రాయవచ్చు. అది మరీ ప్రమాదం. ఆ కేంద్రంలో తేడా ఎప్పుడూ సున్నాయే. సముద్రం మీదికి వస్తున్నా పటం మీద ఆ చుక్క ఆకుపచ్చగానే వెలుగుతుంది.

సున్నా అనేది కొలత. 'కొలవలేదు' అన్నది కొలత కాదు. రెండింటినీ ఒకే గుర్తుతో రాయకూడదని భౌతికశాస్త్రం ప్రయోగశాలలో మొదటి నెలలోనే చెబుతారు. అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఆ క్రమశిక్షణనే ప్రోగ్రాములోకి తెస్తుంది. ఖాళీ ఉన్న చోట ఖాళీ ఉందని ఒప్పుకుంటుంది. అది నిండేదాకా పని మొదలుపెట్టనివ్వదు.

అడ్డుకోవడం ఎప్పుడు జరుగుతుందన్నది కూడా ముఖ్యమే. జావా, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ప్రోగ్రామును యంత్రభాషలోకో మధ్యభాషలోకో మార్చే కంపైలరే ఆపేస్తుంది. అంటే తప్పు బయటపడేది రాసినవాడి బల్ల మీద, పగటిపూట. పైథాన్‌లో ఆబ్జెక్టు తయారు చేయబోయినప్పుడు ఆగుతుంది. అంతకు ముందటి స్మాల్‌టాక్ భాషలో అలవాటు వేరు. తల్లి మెథడ్‌లో 'సబ్‌క్లాస్ రెస్పాన్సిబిలిటీ' అని రాసేవారు. ఇది వారసుల బాధ్యత అని అర్థం. ఎవరూ నింపకపోతే, ఆ మెథడ్‌ను నిజంగా పిలిచిన క్షణంలో దోషం బయటపడుతుంది. మన ఉదాహరణలో ఆ క్షణం అర్ధరాత్రి రెండు గంటలకు రావచ్చు. అండమాన్ లాంటి చోట్ల, భూకంప స్థానం నుంచి సునామీ 60 నిమిషాల లోపే చేరే ప్రాంతాలకు, సముద్రమట్టం కొలతల కోసం ఆగకుండా భూకంప వివరాలను బట్టే మొదటి హెచ్చరిక ఇచ్చే పద్ధతి ఉంది. అంత ఇరుకైన సమయం అది. ఆ తర్వాత హెచ్చరికను పెంచాలన్నా తగ్గించాలన్నా రద్దు చేయాలన్నా మట్టం కొలతలే ఆధారం.

ఈ ఆలోచన పుట్టింది కూడా సిమ్యులేషన్ల నుంచే. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె యోహాన్ డాల్ 1960లలో సిములా అనే భాషను తయారు చేశారు. వంతెన దగ్గర సుంకం కట్టే చోట బస్సులు, లారీలు వరుసలో నిలబడతాయి. వరుసలో నిలబడటం అనే లక్షణం అన్నిటికీ ఒక్కటే, మిగతావన్నీ వేరు. మరి వరుస గురించి ఒక్కసారే ఎలా రాయాలి? 1966 చివరి నెలల్లో ఈ చిక్కుతో కుస్తీ పడుతుంటే వాళ్లకు వారసత్వం అన్న ఊహ తట్టింది. ఉమ్మడి భాగాన్ని ముందు రాసి, ప్రత్యేక భాగాన్ని దాని వెనక అతికించడం. సిములా 67లో క్లాసులు, పిల్ల క్లాసులు, పిల్లలు మార్చి రాసుకోగల 'వర్చువల్' మెథడ్‌లు వచ్చేశాయి. ఇద్దరికీ 2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ప్రకటించారు. 2002లో కొద్ది వారాల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు.

సిములా వాడి, దాన్ని మెచ్చి, దాని నెమ్మదితో విసిగిపోయిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన పని తర్వాత సీ ప్లస్ ప్లస్ అయింది. అబ్‌స్ట్రాక్ట్ క్లాసులు అందులోకి 1989లో, రెండో విడుదలలో వచ్చాయి. అప్పటికి సమయం దగ్గరపడింది. కొత్త కీలకపదం చేరుద్దామంటే అందరూ ఒప్పుకునే ఆశ ఆయనకు కనిపించలేదు. అందుకని మెథడ్ పేరు పక్కన సమాన చిహ్నం, సున్నా పెడితే 'ఒళ్లు లేదు' అని అర్థమని తేల్చేశారు. ఖాళీని చూపడానికి సున్నానే వాడారన్నమాట! ఇన్నేళ్లుగా విద్యార్థులను తికమకపెడుతున్న గుర్తుల్లో ఇదొకటి. జావా ఈ విషయంలో నయం, అబ్‌స్ట్రాక్ట్ అన్న పదాన్నే పెట్టుకుంది. పైథాన్‌కు ఈ సదుపాయం 2008లో వచ్చింది.

జావాలోనే ఇంటర్‌ఫేస్ అని మరొకటి ఉంది. మొదట్లో అందులో వట్టి ఖాళీలే ఉండేవి, ఉమ్మడి సమాచారం గానీ రాసి ఉంచిన పని గానీ ఉండేది కాదు. 2014లో వచ్చిన జావా 8 నుంచి ఇంటర్‌ఫేస్‌లోనూ కొంత పని ముందే రాసిపెట్టుకోవచ్చు. దాంతో రెండింటి మధ్య గీత పలచబడింది. గో, రస్ట్ వంటి కొత్త భాషలు క్లాసుల వారసత్వాన్నే వదిలేశాయి. ఖాళీలు ప్రకటించి నింపమనే పద్ధతిని మాత్రం ఉంచుకున్నాయి. నా మటుకు నాకు, అబ్‌స్ట్రాక్ట్ క్లాసులో మన్నికైన భాగం వారసత్వం కాదు, ఆ ఖాళీయే అనిపించడానికి ఇదో కారణం.

ఇంతకీ ఈ ఏర్పాటు అన్ని తప్పులనూ పడుతుందా? పట్టదు. ఖాళీ నిండిందా లేదా అన్నదే కంపైలరు చూస్తుంది. దేనితో నిండిందో చూడదు. రాడార్ సంగతి గుర్తుందా? ఆ పిల్ల క్లాసు రాసినవారు తీసివేత మరిచి, దూరాన్నే మట్టంగా తిప్పి ఇచ్చారనుకోండి. అదీ సంఖ్యే, ఇదీ సంఖ్యే. కంపైలరు సంతోషంగా ఒప్పుకుంటుంది. సముద్రం లేస్తుంటే ఆ కేంద్రం పడుతోందని చెబుతుంది. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమైంది ఇలాంటి పొరపాటుతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చిన బలం లెక్కను మరో సాఫ్ట్‌వేర్ న్యూటన్లుగా తీసుకుంది. సంఖ్యల రూపం సరిపోయింది, అర్థం సరిపోలేదు. తల్లి ఇచ్చిన మాటను పిల్ల రూపంలోనే కాదు, అర్థంలోనూ నిలబెట్టాలన్న సూత్రాన్ని బార్బరా లిస్కోవ్ 1987లో ముందుకు తెచ్చారు. ఆ అర్థాన్ని పరీక్షలు రాసి చూసుకోవాల్సిందే. తెలిసిన ఎత్తులో నీళ్లు పోసి ప్రతి పిల్ల క్లాసూ ఒకే జవాబు ఇస్తోందా అని చూడటం లాంటిది అది. పైగా గడువు ముంచుకొస్తున్నప్పుడు కంపైలరు నోరు మూయించడానికి 'సున్నా ఇవ్వు' అని రాసి ఖాళీ నింపేసేవాళ్లు ఉంటారు. నేనూ రాశాను. అలాంటి సున్నాను ఏ భాషా ఆపలేదు. ఎవరో ఒకరు చదివి పట్టుకోవాలి.

తల్లి క్లాసులో పెట్టిన ఉమ్మడి విషయాలు కూడా శాశ్వతమని అనుకోకూడదు. 2004 భూకంపంతో శ్రీ విజయపురం ప్రాంతంలో నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రపు నీరు చేరి నిలిచిపోయింది. నేల కుంగితే దాని మీది స్థిర బిందువూ కుంగుతుంది. ఆధార_మట్టం ఎప్పటికీ మారదని తల్లి క్లాసులో బిగించేసి ఉంటే, ఆ ఉదయం తర్వాత అక్కడి పిల్లలన్నీ సముద్రం మీటరు పెరిగిందనే చెబుతూ ఉంటాయి.

ఇప్పుడు నాలుగో పరికరం ఒకటి తలుపు తడుతోంది. తీరంలో జీపీఎస్ తరహా యాంటెనా పెడితే, ఉపగ్రహ సంకేతం నేరుగా ఒకసారి, నీటి మీద పడి ప్రతిఫలించి మరోసారి చేరుతుంది. రెండూ కలిసి బలపడుతూ బలహీనపడుతూ ఉండే తీరును బట్టి నీటిమట్టం లెక్కగట్టవచ్చు. మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్న వ్యతికరణమే ఇది. నీటిలో దించేది ఏమీ లేదు, అలల దెబ్బకు పాడయ్యేదీ లేదు. అన్నిటికన్నా మించి, అదే యాంటెనా నేల కుంగిందో లేదో కూడా చెబుతుంది. మరి దీన్ని సముద్రమట్ట_కేంద్రానికి పిల్లగా రాయవచ్చా? ఒక్క మట్టం తేలాలంటే మామూలుగా ఉపగ్రహం ఆకాశంలో కొంత దూరం కదిలేదాకా, పదుల నిమిషాల పాటు సంకేతాన్ని పోగు చేయాలి. మట్టం_చదువు అనే ఖాళీలో 'ఈ క్షణాన' అన్న మాట రాసి లేకపోయినా, తేడా( ) దాన్ని నమ్ముకునే పనిచేస్తోంది. కాబట్టి దీన్ని ఆ తల్లి కిందికి తేకుండా, నేల కదలికనూ నెమ్మదిగా మారే మట్టాన్నీ చెప్పే మరో అబ్‌స్ట్రాక్ట్ క్లాసు రాసి, హెచ్చరికల వరుసకు బయట ఉంచడమే మేలు.